పాఠం 12: విక్రం సారాభాయి – ఆకాశం నుండి పల్లెకు

12.1 పాఠ పరిచయం

మీరు అండమాన్ దీవుల్లో ఉన్నా, శ్రీకాకుళం జిల్లా తీరంలో ఉన్నా, తుఫాను రాకముందే దాని కబురు మీకు అందుతుంది. తుఫాను ఎక్కడ పుట్టింది, ఎటు కదులుతోంది, ఏ రోజు తీరం దాటవచ్చు అన్న విషయాలు రేడియోలో, టీవీలో చెబుతారు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుండి దీని పేరు శ్రీ విజయపురం) మిడిల్ పాయింట్ బజారులో కూరగాయలు కొనేవారికి కూడా ఈ కబురు ముఖ్యమే. ఓడలు ఆగితే సరుకులు ఆగుతాయి. సరుకులు ఆగితే ధరలు పెరుగుతాయి. ఇక వేటకు వెళ్లే మత్స్యకారులకు ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

ఈ సమాచారంలో చాలా భాగం ఉపగ్రహాల నుండి వస్తుంది. ఉపగ్రహాలు ఉండవలసింది గొప్ప కోసం కాదని, రైతు కోసం, మత్స్యకారుని కోసం, బడికి దూరమైనవారి కోసమని మనదేశంలో గట్టిగా నమ్మి, ఆ నమ్మకంతో పనులు మొదలుపెట్టిన శాస్త్రజ్ఞుడు విక్రం సారాభాయి. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని గురించి తెలుసుకుందాం.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• విక్రం సారాభాయి జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• దూరసంవేదన (రిమోట్ సెన్సింగ్) అంటే ఏమిటో ఉదాహరణతో వివరించగలుగుతారు.
• ఉపగ్రహం ద్వారా పల్లెలకు చదువు అందించిన ప్రయోగాన్ని, దాని ఫలితాలను పరిశీలించగలుగుతారు.
• పేద దేశానికి అంతరిక్ష పరిశోధన అవసరమా అన్న విషయంపై మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

12.3 బాల్యం, చదువు

విక్రం సారాభాయి 1919 ఆగస్టు 12న గుజరాత్‌లోని అహమ్మదాబాదులో జన్మించారు. తండ్రి అంబాలాల్ బట్టల మిల్లుల యజమాని. తల్లి సరళాదేవి. ఈ దంపతుల ఎనిమిది మంది సంతానంలో విక్రం ఒకరు. పిల్లలను బడికి పంపడానికి బదులు సరళాదేవి ఇంటివద్దనే ఒక బడి ఏర్పాటు చేశారు. అక్కడ బట్టీపట్టే పద్ధతి లేదు. పిల్లలు తమ చేతులతో చేసి, చూసి, ప్రశ్నించి నేర్చుకునేవారు. ఆ బడి ప్రభావం విక్రం మీద జీవితాంతం నిలిచింది.

ఆయన గుజరాత్ కాలేజీలో చదివి, తరువాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరారు. 1940లో అక్కడ ప్రకృతి శాస్త్రాలలో పట్టా పొందారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన స్వదేశానికి తిరిగివచ్చి, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధన ప్రారంభించారు. 1942లో ప్రసిద్ధ నర్తకి మృణాళినిని వివాహం చేసుకున్నారు.

ఆయన ఎన్నుకున్న విషయం కాస్మిక్ కిరణాలు. ఇవి అంతరిక్షం నుండి భూమి వైపు నిరంతరం దూసుకువచ్చే, అత్యంత శక్తిగల కణాలు. కంటికి కనిపించవు. వీటి రాక అన్ని వేళల్లో ఒకేలా ఉండదు. అందులో హెచ్చుతగ్గులు ఉంటాయి. ఆ హెచ్చుతగ్గులను కొలిస్తే సూర్యుని గురించి, గ్రహాల మధ్య ఉన్న ప్రదేశం గురించి తెలుస్తుంది. అందుకోసం సారాభాయి బెంగుళూరులోనే కాక కాశ్మీరు కొండలపై కూడా పరికరాలు అమర్చి కొలతలు తీశారు. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జి వెళ్లి, 1947లో డాక్టరేటు పట్టంతో తిరిగివచ్చారు.

ఆ సంవత్సరమే దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. 1947 నవంబరులో అహమ్మదాబాదులో ఫిజికల్ రిసర్చ్ లేబొరేటరీ ప్రారంభమైంది. దానిని స్థాపించిన సారాభాయికి అప్పుడు 28 ఏళ్లు. సొంత భవనం లేక ఒక సైన్సు కళాశాలలోని గదుల్లో పని మొదలుపెట్టారు. వాతావరణ శాస్త్రంలో అనుభవజ్ఞులైన కె.ఆర్. రామనాథన్ దానికి మొదటి డైరెక్టరుగా వచ్చారు.

పాఠగత ప్రశ్నలు – 1
ఖాళీలు పూరించండి.
(అ) సారాభాయి బెంగుళూరులో _______ వద్ద పరిశోధన చేశారు.
(ఆ) ఫిజికల్ రిసర్చ్ లేబొరేటరీ _______ నగరంలో ప్రారంభమైంది.

12.4 చర్చిలో రాకెట్లు

1962లో భారత ప్రభుత్వం అంతరిక్ష పరిశోధనకు ఒక జాతీయ సంఘాన్ని నియమించింది. దానికి సారాభాయి అధ్యక్షులు. రాకెట్లను ప్రయోగించడానికి ఒక చోటు కావలసి వచ్చింది. భూమికి భౌగోళిక భూమధ్యరేఖ ఉన్నట్లే అయస్కాంత భూమధ్యరేఖ కూడా ఉంది. ఆ రేఖకు పైన, ఎత్తులో ఉండే వాతావరణంలో ప్రత్యేకమైన విద్యుత్ ప్రవాహాలు ఉంటాయి. వాటిని పరిశీలించడానికి ఆ రేఖకు దగ్గరగా ఉన్న చోటే అనుకూలం. అటువంటి చోటు కేరళలో తిరువనంతపురం దగ్గరున్న తుంబా అనే మత్స్యకార గ్రామం.

అయితే అక్కడ ఇళ్లున్నాయి, ఒక పాత చర్చి ఉంది. తరతరాలుగా ఉన్న ఊరినీ, ప్రార్థన చేసుకునే చోటునూ వదులుకోవడం సులభం కాదు. సారాభాయి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాను కలిసి, ఈ పని ఎందుకో వివరించారు. బిషప్ గ్రామస్థులతో మాట్లాడారు. వారు ఒప్పుకున్నారు. గ్రామస్థులకు వేరొక చోట ఇళ్లు, కొత్త చర్చి కట్టించారు. పాత చర్చి శాస్త్రజ్ఞుల పనిశాల అయింది. రాకెట్ భాగాలను సైకిళ్ల మీద కూడా తీసుకువెళ్లేవారు. 1963 నవంబరు 21న అమెరికా నుండి తెచ్చిన ఒక చిన్న రాకెట్ తుంబా నుండి ఆకాశంలోకి లేచింది. మనదేశ అంతరిక్ష ప్రయత్నాలకు అది మొదటి అడుగు. ఆ చర్చి భవనం తరువాత అంతరిక్ష ప్రదర్శనశాలగా మారింది.

ఆ రోజుల్లోనే దేశంలో తిండిగింజల కొరత ఏర్పడింది. 1965, 1966 సంవత్సరాల్లో వానలు సరిగా పడక అనేక ప్రాంతాలు కరువు పాలయ్యాయి. అన్నం లేని దేశానికి రాకెట్లు ఎందుకని చాలామంది అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. సారాభాయి ఆ ప్రశ్నను తప్పించుకోలేదు. గొప్ప దేశాలతో పోటీపడి చంద్రుని మీదకో, ఇతర గ్రహాల మీదకో మనుషులను పంపాలన్న ఆశ తమకు లేదని ఆయన స్పష్టం చేశారు. వానను ముందుగా తెలుసుకోవడం, పంటలను కనిపెట్టి చూడటం, దూర గ్రామాలకు చదువు, సమాచారం చేర్చడం – ఈ పనులకు పనికివస్తేనే అంతరిక్ష విజ్ఞానానికి మనదేశంలో అర్థం ఉందని వాదించారు. ఇలా తన పనికి తానే ఒక కొలబద్ద పెట్టుకున్నారు. ఆ కొలబద్దతోనే ఆయన పనిని మనం కూడా కొలిచి చూడవచ్చు.

12.5 కొబ్బరిచెట్టు చెప్పిన కబురు

చెట్టు మీది మామిడికాయ పండిందో లేదో మనం కింద నుండే రంగు చూసి చెబుతాం. కాయను ముట్టుకోం. అలాగే ఒక వస్తువును తాకకుండా, దాని నుండి వచ్చే వెలుగును బట్టి దాని స్థితిని దూరం నుండి తెలుసుకోవడమే దూరసంవేదన. మన కన్ను కొన్ని రంగులనే చూడగలదు. కన్ను చూడలేని కిరణాలను కూడా పట్టుకునే ఫిల్ములు, పరికరాలు ఉన్నాయి. వాటిని విమానంలోనో ఉపగ్రహంలోనో అమర్చితే ఎంతో విశాలమైన ప్రదేశాన్ని ఒకేసారి పరిశీలించవచ్చు.

మనదేశంలో దూరసంవేదనకు నాంది పలికిన ప్రయోగం ఒక రైతు సమస్యతో మొదలైంది. కేరళలో కొబ్బరిచెట్లకు వేరు వడలు తెగులు పట్టింది. తెగులు సోకిన చెట్టు మొదట్లో బాగానే కనిపిస్తుంది. రైతు గుర్తించేసరికి తెగులు ముదిరిపోతుంది. లక్షల చెట్లను ఒక్కొక్కటిగా ఎక్కి పరీక్షించడం అయ్యే పని కాదు.

సారాభాయి ప్రోత్సాహంతో అహమ్మదాబాదుకు వచ్చిన వాతావరణ శాస్త్రజ్ఞుడు పి.ఆర్. పిషారోటి ఈ పనికి నాయకత్వం వహించారు. 1970 ప్రాంతంలో ఆయన బృందం హెలికాప్టరులో కొబ్బరితోటల మీదుగా తిరిగి, ప్రత్యేకమైన ఫిల్ముతో ఫొటోలు తీసింది. ఆ ఫిల్ము పరారుణ కిరణాలను పట్టుకోగలదు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఈ కిరణాలను ఎక్కువగా వెనక్కి పంపుతుంది. జబ్బుపడిన ఆకు తక్కువగా పంపుతుంది. అందువల్ల ఫొటోలో మంచి చెట్టు ఒక రంగులో, తెగులు చెట్టు మరొక రంగులో కనిపించాయి. కంటికి లక్షణాలు కనబడని చెట్లలో కూడా తెగులును గుర్తించవచ్చని తేలింది. పిషారోటిని భారతదేశంలో దూరసంవేదనకు పితామహునిగా పేర్కొంటారు.

ఈ ప్రయోగం తెగులును నయం చేయలేదు. కాని తెగులు ఎక్కడ ఉందో చూపింది. ఎక్కడుందో తెలిస్తేనే కదా, ఏం చేయాలో ఆలోచించేది!

చేసి చూడండి: మీ ఇంటికి కొంత దూరంలో ఉన్న రెండు చెట్లను ఎంచుకోండి. వాటి దగ్గరకు వెళ్లకుండా, ఏ చెట్టు ఆరోగ్యంగా ఉందో, ఎందుకు అలా అనుకుంటున్నారో రాయండి. తరువాత దగ్గరకు వెళ్లి ఆకులను పరిశీలించండి. మీ అంచనా ఎంతవరకు సరిపోయిందో చూడండి.

పాఠగత ప్రశ్నలు – 2
తప్పో, ఒప్పో గుర్తించండి.
(అ) జబ్బుపడిన ఆకు పరారుణ కిరణాలను ఎక్కువగా వెనక్కి పంపుతుంది.
(ఆ) వస్తువును తాకకుండా దాని స్థితి తెలుసుకోవడం దూరసంవేదన.

12.6 చేసి నేర్చుకునే చదువు

సారాభాయికి సైన్సు బోధన పట్ల కూడా ఎంతో శ్రద్ధ ఉండేది. పాఠశాలల్లో పిల్లలు సైన్సును కంఠస్థం చేయడం ఆయనకు నచ్చలేదు. అహమ్మదాబాదులోని తన పరిశోధనాలయ శాస్త్రజ్ఞులను ఉపాధ్యాయులతో, విద్యార్థులతో కలిపి పనిచేయించారు. ఈ ప్రయత్నమే 1966లో కమ్యూనిటీ సైన్స్ సెంటర్‌గా రూపుదిద్దుకుంది. పిల్లలు, ఉపాధ్యాయులు, మామూలు పౌరులు అక్కడకు వచ్చి తమ చేతులతో ప్రయోగాలు చేయవచ్చు. 1968లో సి.వి. రామన్ అక్కడికి వచ్చి, ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుందనే విషయంపై ప్రసంగించారు. సారాభాయి మరణానంతరం ఆ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

1966 జనవరిలో హోమీ భాభా విమాన ప్రమాదంలో మరణించగా, అణుశక్తి సంఘం అధ్యక్ష పదవి కూడా సారాభాయి మీద పడింది. 1969 ఆగస్టు 15న భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) ఏర్పడింది. ఇన్ని బాధ్యతల మధ్య కూడా ఆయన బోధన సంగతి మరువలేదు. లక్షల గ్రామాలకు మంచి ఉపాధ్యాయుణ్ణి, వైద్యుణ్ణి, వ్యవసాయ నిపుణుణ్ణి ఒకేసారి పంపడం ఎలా? ఆకాశంలో ఒక ఉపగ్రహం ఉంటే, దాని నుండి నేరుగా పల్లెలోని టీవీకి పాఠం పంపవచ్చని ఆయన ఆలోచించారు. 1969 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఇందుకు ఒప్పందం కుదిరింది. ఈ ప్రయోగాన్ని పొట్టిపేరుతో 'సైట్' అంటారు.

12.7 శ్రీహరికోట, అకాల మరణం

మన ఉపగ్రహాలను మనమే పంపాలంటే పెద్ద రాకెట్లకు తగిన చోటు కావాలి. భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతుంది. కాబట్టి తూర్పు వైపు వదిలిన రాకెట్‌కు భూభ్రమణ వేగం కూడా కలిసివస్తుంది. తూర్పున సముద్రం ఉంటే, రాకెట్ భాగాలు పడినా జనానికి ప్రమాదం ఉండదు. ఈ కారణాల వల్ల 1969లో పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోటను ఎంచుకున్నారు. అప్పుడు అది నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉంది. యానాదులు నివసించిన ఆ దీవి దేశపు రాకెట్ కేంద్రమైంది. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి మొదటి చిన్న రాకెట్‌ను ప్రయోగించారు.

శ్రీహరికోట నుండి తూర్పుగా వెళితే, సముద్రానికి అవతల దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలో అండమాన్ దీవులు వస్తాయి. రాకెట్ల గమనాన్ని కనిపెట్టే ఇస్రో కేంద్రం ఒకటి పోర్ట్ బ్లెయిర్‌లో తరువాతి కాలంలో ఏర్పాటైంది.

శ్రీహరికోటలో ఆ తొలి ప్రయోగం జరిగి మూడు నెలలైనా కాలేదు. 1971 డిసెంబరు చివర్లో సారాభాయి పనుల సమీక్ష కోసం తుంబా వచ్చారు. డిసెంబరు 30న కోవళంలో, నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 52 ఏళ్లు. భారతీయ ఉపగ్రహం ఒక్కటి కూడా అప్పటికి ఎగరలేదు. సైట్ ప్రయోగం కాగితం మీదే ఉంది.

12.8 ఆయన తరువాత

మొదలుపెట్టిన మనిషి పోతే పని ఆగిపోవడం మనం తరచుగా చూస్తాం. ఇక్కడ అలా జరగలేదు. సారాభాయి మనుషులను తీర్చిదిద్దారు. వారికి బాధ్యతలు అప్పగించారు. 1972లో సతీష్ ధావన్ ఇస్రో బాధ్యత స్వీకరించారు. యశ్‌పాల్ నాయకత్వంలో అహమ్మదాబాదు కేంద్రం సైట్ ప్రయోగానికి సిద్ధమైంది.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో ఈ ప్రయోగం జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. హిందీ, ఒరియా, కన్నడ భాషలతోపాటు తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న అమెరికా ఉపగ్రహం నుండి వచ్చే సంకేతాలను తీగవలతో చేసిన పది అడుగుల గొడుగు అందుకునేది. ఉదయం బడిపిల్లలకు పాఠాలు. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం మొదలైన విషయాలు. అప్పటివరకు టీవీని ఎరుగని ఊళ్లలో జనం రచ్చబండ దగ్గర చేరినట్లు టీవీ ముందు చేరారు. సుమారు 50,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులు దీని ద్వారా సైన్సు బోధనలో శిక్షణ పొందారు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? పిల్లల భాష మెరుగుపడింది. కొత్త విషయాలు తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. చదువురాని పెద్దలకు కూడా కొత్త సంగతులు తెలిశాయి. కాని బడి మానేసే పిల్లల సంఖ్య దీనివల్ల తగ్గలేదు. బడి మానడానికి పేదరికం, ఇంటిపని వంటి కారణాలు ఉన్నప్పుడు టీవీ ఒక్కటే వాటిని తీర్చలేదు. పైగా ఏడాది గడిచాక అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. మనదంటూ ఒకటి ఉండాలన్న పాఠం దీనితో బాగా తెలిసివచ్చింది.

1974లో హైదరాబాదులో జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడింది. 1979లో భూమిని పరిశీలించే భాస్కర ఉపగ్రహాన్ని, 1988లో ఐ.ఆర్.ఎస్. – 1ఎ ఉపగ్రహాన్ని సోవియట్ రాకెట్లపై పంపారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో ఇన్సాట్ – 1బి వచ్చాక, తుఫాను మేఘాలను ఎడతెరిపి లేకుండా గమనించడం వీలైంది. హెచ్చరికలు ముందుగా అందడంతోపాటు, జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించే ఏర్పాట్లు కూడా మెరుగుపడటం వల్ల తరువాతి తుఫానులలో ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) ఉపగ్రహాల సాయంతో సముద్రపు నీటి వేడిని, రంగును పరిశీలిస్తుంది. చల్లని నీరు, వేడి నీరు కలిసే చోట చేపలకు ఆహారమైన సూక్ష్మజీవులు పెరుగుతాయి. అక్కడికి చేపలు చేరుతాయి. ఈ ఆధారంతో చేపలు దొరికే అవకాశమున్న చోట్లను అండమాన్ నికోబార్ మత్స్యకారులతో సహా దేశ తీరమంతటికీ తెలియజేస్తుంది. చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండే ఎగిరింది. 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి దగ్గరగా దిగిన చంద్రయాన్ – 3 ల్యాండరుకు విక్రం అని పేరు.

సారాభాయికి 1966లో పద్మభూషణ్, మరణానంతరం 1972లో పద్మవిభూషణ్ లభించాయి. అయితే ఆయన పెట్టుకున్న కొలబద్ద బిరుదులు కావు. ఊరి చివరి మనిషికి ఏమి అందిందన్నదే ఆ కొలబద్ద. కొబ్బరిరైతుకు చెట్టు జబ్బు ఎక్కడుందో తెలియడం, తెలుగు పల్లెకు తెలుగులో పాఠం అందడం, వేటకు వెళ్లబోయే మత్స్యకారునికి ముందే కబురు చేరడం – ఇవే ఆ కొలతకు నిలిచిన పనులు. బడి గోడల బయట, మీకు వీలైన వేళ, మీ ఇంట్లో కూర్చుని మీరు చదువుకుంటున్న ఈ పద్ధతి కూడా ఆ ఆలోచనకు దగ్గరిదే.

12.9 మీరు నేర్చుకున్నది

• సారాభాయి కాస్మిక్ కిరణాల పరిశోధనతో మొదలుపెట్టి దేశ అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేశారు.
• కొబ్బరి తెగులు ప్రయోగం మనదేశంలో దూరసంవేదనకు నాంది.
• చేసి నేర్చుకునే సైన్సు చదువు కోసం కమ్యూనిటీ సైన్స్ సెంటర్ స్థాపించారు.
• సైట్ ప్రయోగం 2,400 గ్రామాలకు పాఠాలు చేర్చింది. దాని మేలుతోపాటు పరిమితులు కూడా తెలిశాయి.

12.10 పదాలు – అర్థాలు

కొలబద్ద = కొలిచే సాధనం; ప్రమాణం
నాంది = ఆరంభం
కంఠస్థం చేయడం = బట్టీపట్టడం
పరారుణ కిరణాలు = ఎరుపు రంగుకు అవతల ఉండే, కంటికి కనిపించని కిరణాలు
భూభ్రమణం = భూమి తన చుట్టూ తాను తిరగడం
ఉప్పెన = తుఫాను వల్ల సముద్రం పొంగి ఊళ్ల మీద పడటం

12.11 పాఠాంత ప్రశ్నలు

1. తుంబాను రాకెట్ కేంద్రంగా ఎంచుకోవడానికి కారణం ఏమిటి?
2. కొబ్బరి తెగులును ఫొటోల ద్వారా ఎలా గుర్తించారు? ఐదారు వాక్యాలలో రాయండి.
3. సైట్ ప్రయోగం సాధించినదేమిటి? సాధించలేనిదేమిటి?
4. పేద దేశానికి రాకెట్లు ఎందుకని మీ ఇంట్లో పెద్దవారు అడిగితే, మీరేమి జవాబు చెబుతారు? మీ ఊరి ఉదాహరణలతో రాయండి.

12.12 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) సి.వి. రామన్ (ఆ) అహమ్మదాబాదు
2. (అ) తప్పు (ఆ) ఒప్పు